చాపల సిస్టరు

సౌదీలోని అల్ ఖోబర్‌లో తెలుగువాళ్లను దయావతి గురించి అడిగితే తెల్లమొహం వేస్తారు. చాపల సిస్టరు అంటే మాత్రం ఓహో ఆవిడా అంటూ దారి చూపించడానికి లేచి వస్తారు. ఏళ్ల తరబడి ఆసుపత్రిలో సూదులు గుచ్చి, కట్లు కట్టి, రాత్రింబవళ్లు నిలబడి కాళ్లు వాచిపోయిన నర్సుకి చివరికి మిగిలిన పేరు అది. ఆ పేరు వెనక ఒక తెలివితక్కువ పని ఉంది. తెలివితక్కువ పనులు అందరం చేస్తాం, పేరు మాత్రం కొందరికే వస్తుంది.

ఆమెది నరసాపురం పక్క పల్లె. అక్కడ క్రైస్తవుల ఇళ్లలో ఆడపిల్లకి అక్షరాలకన్నా ముందు లేసు అల్లిక వస్తుంది. అరుగుల మీద వరసగా కూర్చుని, ఊరి కబుర్లన్నీ చెప్పుకుంటూ, కళ్లు లాగేదాకా అల్లుతారు. అది ఏ దేశంలో ఎవరి బల్లమీద పరుస్తారో వాళ్లకి తెలియదు. నెలల తరబడి చేతుల్లో నలిగిన లేసు మట్టిరంగుకి తిరుగుతుంది. దాన్ని అలాగే షావుకారు చేతిలో పెట్టడం పరువుతక్కువ. ఉతికి, గంజిపెట్టి, తెల్లగా మెరిపించి అప్పుడివ్వాలి. చేత్తో చేసిన వస్తువుని చెమటతో ఇవ్వకూడదని తల్లి చెప్పిన మాట దయావతికి ఆదివారం బడిలో నేర్చుకున్న వాక్యంకన్నా గట్టిగా పట్టుకుంది.

నర్సుల హాస్టల్లో ఆమెతో గది పంచుకున్న పిల్ల మిలాగ్రోస్. అందరికీ మిలా. ఫిలిప్పీన్స్‌లో సమర్ అనే దీవి వాళ్లది. అక్కడి ఆడవాళ్లు చిత్తడినేలల్లో మన తుంగలాంటి గడ్డి కోసి, ఎండబెట్టి, రంగువేసి చాపలల్లుతారు. మిలా సెలవుకి వెళ్లినప్పుడల్లా కొన్ని చుట్టలు తెచ్చి తోటి నర్సులకి అమ్మేది, వచ్చిన డబ్బు వచ్చినట్టు ఇంటికి పంపేసేది. అందరికన్నా ముందు కొన్నది దయావతి. చాప వెనక్కి తిప్పి, కొసలు ఎక్కడ దాచారో వెతికి, కనిపెట్టలేక ఓడిపోయి, ఇలాంటి వేళ్లు తనకి చిన్నప్పట్నుంచీ తెలుసనుకుంది. ఆ రోజు నుంచి మిలా మీద ఆమెకి వల్లమాలిన ప్రేమ.

ఇరాక్ కువైట్‌ను ఆక్రమించిన ఏడాది చివర్లో మిలా ఊరిని తుపాను కొట్టింది. ఇళ్ల కప్పులు లేచిపోయాయి. సరిగ్గా అప్పుడే ధహ్రాన్‌లో చమురు కంపెనీ కాంపౌండులో ఉండే ఒక అమెరికన్ ఇంజనీరు భార్య, పిల్లాడి జ్వరానికి ఆసుపత్రికి వచ్చి, మిలా దగ్గర చాప చూసి మురిసిపోయింది. కాంపౌండులోని ఇళ్లన్నిటికీ గోడలమీద అలంకరణగా పెట్టిస్తానంది. పెద్దది, పనితనమున్నది ఒకటి నమూనాగా తెప్పించు, నచ్చితే మీ ఊరివాళ్లు ఏడాదంతా అల్లినవి నేనే తీసుకుంటానని మాటిచ్చింది. ఆ మాట మీద ఊళ్లో ఆడవాళ్లంతా కూడి, చుట్టూ పువ్వులూ నడుమ చేపలూ వచ్చేలా ఒక చాప అల్లి, సెలవునుంచి వస్తున్న నర్సు చేతికిచ్చి పంపారు.

జనవరిలో అది చేరింది. ఆ వారమే మిలాని సరిహద్దు దగ్గరి ఆసుపత్రిలో డ్యూటీకి వేశారు. యుద్ధం వస్తే గాయపడినవాళ్లు ముందు అక్కడికే వస్తారు. ఏడుపు దిగమింగుకుంటూ సంచి సర్దుకున్న మిలా, చాప దయావతి చేతిలో పెట్టి, శుక్రవారం నువ్వే తీసుకెళ్లి చూపించమని చెప్పింది. ఇది నచ్చితే మా ఊరికి కప్పులొస్తాయి అంది. దయావతి ఊళ్లో తల్లి దగ్గర వదిలివచ్చిన తన పిల్లలమీద ఒట్టు వేసింది.

గదిలో ఒక్కతే కూర్చుని చుట్ట విప్పితే బురదవాసన కొట్టింది. అంచుల్లో వేళ్ల మరకలు. అల్లినవాళ్ల చెమట, ప్రయాణపు దుమ్ము. ఇంత మంచి పని ఇంత మకిలితో దొరసాని ముందు పెడతామా అనుకుంది నరసాపురం బుద్ధి. ఊళ్లో తుంగచాపల్ని కాలవలో ముంచి కొట్టిన చేతులు ఊరుకోలేదు. మిలాని అడుగుదామంటే మిలా లేదు. అడగాలన్న ఆలోచన కూడా రాలేదు, వచ్చి ఉంటే ఈ కథే లేదు. స్నానాలగది తొట్టిలో నీళ్లు నింపి, సబ్బుపొడి వేసి, చాప ముంచి డ్యూటీకి వెళ్లింది.

తిరిగి వచ్చేసరికి నీళ్లు ఎర్రగా ఉన్నాయి. గబుక్కున పైకి లాగితే చేపలకి రెక్కల్లేవు, పువ్వులకి రేకుల్లేవు. ఎరుపు ఆకుపచ్చలోకీ, ఆకుపచ్చ పసుపులోకీ దిగిపోయాయి. గడ్డి ఉబ్బి మెత్తబడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు తువ్వాళ్లతో అద్దింది, నీడన ఆరేసింది. మోకాళ్లమీద కూర్చుని ప్రార్థన చేసింది. చాప మాత్రం అలాగే ఉంది.

శుక్రవారం రాకముందే యుద్ధం వచ్చింది. సైరన్లు మోగాయి. విషవాయువు రాకుండా ప్లాస్టిక్ అతికించిన కిటికీల వెనక, మొహానికి గ్యాస్ ముసుగు తగిలించుకుని రోగుల పక్కన కూర్చున్నప్పుడు అందరూ క్షిపణి ఎక్కడ పడుతుందోనని వణుకుతుంటే, దయావతి చాప గురించి వణికేది. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. మిలా బతికి వస్తుందో రాదో తెలియదు. వస్తే ఏ మొహంతో చూడాలో అంతకన్నా తెలియదు. ఒకరోజు తనకి తెలియకుండానే, ఆ దొరసాని దేశం విడిచి వెళ్లిపోయేలా చెయ్యి ప్రభువా అని వేడుకుంది. వెళ్లిపోతే ఆర్డరు పోయిన పాపం యుద్ధానిదవుతుంది. తన నోట వచ్చిన ప్రార్థన తన చెవిన పడి ఆమె సిగ్గుతో చచ్చిపోయింది.

కిటికీలకి ప్లాస్టిక్ వేసినవాడు రాజేశం. జగిత్యాల దగ్గరి మనిషి, ఆసుపత్రి మెయింటెనెన్సులో పని. వార్డెను కాపలాగా నిలబడి ఉండగా దయావతి గదిలోకి వచ్చి, గోడకి ఆనించిన చాప చూసి ఆగాడు. సాప మంచిగున్నది సిస్టరమ్మా, రంగులెందుకు గిట్ల గలిసినయ్ అని అడిగాడు. దయావతికి ఎవరో నడివీధిలో తనని దొంగలా పట్టుకున్నట్టయింది. ఏదో గొణిగి మొహం తిప్పుకుంది.

బాంబుల జోరు కాస్త తగ్గిన ఒక శుక్రవారం, సామాన్లు కొనుక్కోవడానికి వెళ్లే ఆసుపత్రి బస్సులో చాప పట్టుకుని ధహ్రాన్ వెళ్లింది. దొరసాని వెళ్లిపోలేదు. నవ్వుతూ లోపలికి పిలిచి టీ ఇచ్చింది, చాప పరిపించింది, చూసి నొసలు ముడిచింది. పని కాస్త మోటుగా ఉంది, ముందు చూసినదానిలా లేదే అంది.

అక్కడ ఊరుకుంటే సరిపోయేది. మోటుపని అల్లినవాళ్లదని దొరసాని అనుకునేది, నోరు మెదపకుండానే గండం గట్టెక్కేది. దయావతి కప్పు కింద పెట్టేసింది.

"తప్పు వాళ్లది కాదమ్మా, నాది. నీళ్లలో ముంచింది నేను. వాళ్లు పంపినప్పుడు ఈ చేపలు ఈదుతున్నట్టే ఉన్నాయి."

దొరసాని, నీ నిజాయితీ మెచ్చుకోవాలంది. అయితే ఒక్కసారి తడిస్తే ఇలా అయ్యే వస్తువు తనకి పనికిరాదంది, ఇళ్లలో పనివాళ్లు గోడలు కూడా తడిగుడ్డతో తుడుస్తారట. చాప చుట్టి మర్యాదగా చేతికిచ్చింది. నిజం చెబితే దేవుడు మేలు చేస్తాడని చిన్నప్పుడు చదువుకున్న దయావతి బస్సులో దారిపొడుగునా ఏడ్చింది.

యుద్ధం ముగిశాక మిలా వచ్చింది. సగానికి సగం చిక్కిపోయింది. దయావతి అన్నం పెట్టి, తినేదాకా ఆగి, జరిగినదంతా చెప్పేసి చాప ముందు పరిచింది. అరుస్తుందనుకుంది. మిలా అరవలేదు. చాప అంచుని వేలితో తడుముతూ, ఆర్డరు ఖాయమని జనవరిలోనే ఊరికి క్యాసెట్లో మాట రికార్డు చేసి పంపేశానని చెప్పింది. సరిహద్దులో చచ్చిపోతానేమోనని భయం వేసిందట. పోయేలోగా మంచికబురు ఒకటి చెప్పాలనుకుందట. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటాం మనం. కాని ఆ పిల్లని అనడానికి దయావతికి నోరు రాలేదు. ఊళ్లో ఆడవాళ్లు అప్పటికే రాత్రీ పగలూ కూర్చుని అల్లేశారు. మూట ఓడ ఎక్కేసింది.

"ఇప్పుడు మా అమ్మకి ఏం చెప్పను?" అని మిలా అడిగింది.

దయావతి ఎంగిలి కంచం తీసుకుని కడగడానికి లేచింది. మూట వచ్చేదాకా ఆమెకి ముద్ద దిగలేదు, వచ్చాక నిద్ర పట్టలేదు. మంచాల కిందా బీరువా మీదా చాపలే. హాస్టల్లో కొనగలిగినవాళ్లు కొన్నారు, సగం మంది నర్సులు యుద్ధానికి భయపడి ఇంటికి వెళ్లిపోయి ఉన్నారు. ఇది హాస్టలా గోదామా అని వార్డెను గొడవ పెట్టింది. వచ్చే శుక్రవారానికల్లా ఖాళీ చేయకపోతే బయట పారేయిస్తానంది, వ్యాపారం చేస్తున్నారని ఆఫీసుకి రాస్తానంది. రాస్తే ఇద్దరి ఇకామాలకీ, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డులకీ, ముప్పే. మర్నాడే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టి విమానం ఎక్కిస్తారు.

అప్పుడు రాజేశం గుర్తొచ్చాడు. లాండ్రీ వెనక గోడ దగ్గర, ఎవరైనా చూస్తారేమోనని అటూ ఇటూ చూస్తూ, దయావతి అతనికి ఒక చాప చూపించింది. గోడకి పెట్టుకోవడానికా అని అడిగాడు. పడుకోవడానికి అంది. అతను బేరం ఆడకుండా కొనుక్కున్నాడు. నీళ్లలో మాత్రం ముంచకు తమ్ముడూ, తడిగుడ్డతో తుడువు చాలు, నీ కాళ్లకి మొక్కుతా అని ముమ్మారు చెప్పి పంపింది. చెప్పాక కూడా గుబులే. ఎనిమిదిమంది పనివాళ్లు ఉండే క్యాంపు గదిలో ఏ పుణ్యాత్ముడు బకెట్లో ముంచుతాడో ఎవరికి తెలుసు.

గడువుకి ముందురోజు మధ్యాహ్నం, మిలా, దయావతి డ్యూటీకి వెళుతుంటే లాండ్రీ దగ్గర రాజేశం కనిపించాడు. ఒక్కడు కాదు. వెనక నలుగురైదుగురు మనుషులు, అందరూ క్యాంపువాళ్లే. మొహాలు గంభీరంగా ఉన్నాయి. రంగు అంటుకుందనో, గడ్డి విడిపోయిందనో దెబ్బలాటకే వచ్చారనుకుంది దయావతి. మిలాకి తెలుగు రాదు, అయినా ఆ మొహాలు చూసి ఆమె కూడా పాలిపోయింది.

"ఏం రాజేశం, పాడైందా?" అంది దయావతి.

రాజేశం తల గోక్కున్నాడు. "పాడు గాలేదు సిస్టరమ్మా. లడాయి మొదలైన కాణ్నుంచి నాకు నిద్ర లేకుండె. లడాయి అయిపోయినా గూడ కండ్లు మూస్తె సైరనే ఇనవడ్తుండె. మొన్న మంచం ఇడిసి గీ సాప కింద పరుసుకుని ఒరిగిన. తెల్లారి బస్సు పోయింది తెల్వలే, వీళ్లు లేపింది తెల్వలే. ఫోర్‌మన్ మస్తు తిట్టిండు. తిట్టనీ తియ్యి. వీళ్లకు గూడ తలా ఒకటి గావాల్నంట. మా క్యాంపుల ఇంకా శానమంది అడుగుతుండ్రు."

దయావతి గోడకి చేరగిలబడిపోయింది. మిలా ఆమె భుజం పట్టుకుని, ఏమంటున్నాడు, వెనక్కి ఇచ్చేస్తాడా అని కంగారుగా అడిగింది. దయావతి తనకి వచ్చిన ఇంగ్లీషులో, ముక్కు చీదుకుంటూ, అతను అన్నదంతా అన్నట్టే చెప్పింది. మీ అమ్మ అల్లిన చాపమీద పడుకుని ఈ మనిషి యుద్ధం మొదలయ్యాక మొదటిసారి నిద్రపోయాడట అంది.

మిలా దయావతి భుజం వదిలింది. కళ్లు తుడుచుకుని రాజేశం వైపు తిరిగింది.

"ఇంకోసారి చెప్పమను," అంది దయావతితో. "నాకు అర్థం కాకపోయినా ఫరవాలేదు."

రాజేశం సిగ్గుపడ్డాడు. వెనకవాళ్లు నవ్వారు. అతను గొంతు సవరించుకుని మళ్లీ మొదటినుంచి చెప్పాడు, మిలా చేతులు కట్టుకుని చివరిదాకా వింది.