దీపం ముందు పలికే పేరు

మా తాత చెప్పిన మాట ఆ పుస్తకంలో లేదని నాకు మొదట చెప్పింది మా మనవరాలు. కాలేజీలో పాత ఓడ ప్రయాణాల నవలల మీద ఏదో రాయాలని, మద్రాసు పెరంబూరులోని మా ఇంటి బీరువాలోంచి తాత చదివిన ఇంగ్లీషు పుస్తకం తీసి చదివింది. నాకు ఇంగ్లీషు రాదు. ఆమెకు తెలుగు చదవడం రాదు.

నేను బడికి పోలేదు. నా చదువంతా తాత దగ్గరే. రైల్వే వర్క్‌షాపులో తెల్లదొరల కింద పనిచేస్తూ సొంతంగా ఇంగ్లీషు నేర్చుకున్న మనిషి. సాయంత్రాలు ఆ నవల చేతిలో పట్టుకుని తెలుగులో చెప్పేవాడు. తుఫానులో మన దేశపు ఓడ కళాసీ ఒకడు తెరచాప చుట్టబోయి సముద్రంలో పడిపోతాడు. గాలి తగ్గాక కెప్టెన్ మోకరించి, ముందు ఆ కళాసీ పేరు పలికి, ఆ తరువాతే దేవుడికి కృతజ్ఞత చెబుతాడు. అది విన్నప్పటి నుంచి దీపం పెట్టాక నేనూ అంతే. ముందు ఆ పేరు, తరువాత మా వాళ్లంతా చల్లగా ఉన్నందుకు దండం.

"అవ్వా, ఈడ చూడు. ఆయనకు పేరే లేదు. ఒక నల్లోడు కొట్టుకుపోయినాడని అర లైను. తర్వాత కెప్టెను, అందరం బతికినాం, దేవుడి దయ అంటాడు."

"అందరమా?"

"అందరం అనే ఉంది. మీ తాత నిన్ను బాగా ఏమార్చినాడు పో."

"సరిగ్గా చూడు మే. ఇంకో పేజీలో ఉంటాది."

"లేదవ్వా. మూడుసార్లు చూసినా."

ఆ సాయంత్రం దీపం పెట్టి నిలబడ్డాను. పేరు నోటికి రాలేదు. లేని పేరుతోనా ఇన్నేళ్లు మొక్కాను? పోనీ, పేరు విడిచి నేరుగా దండం పెడితే ఆ పుస్తకంలోని కెప్టెన్‌కూ నాకూ తేడా ఏమిటి? తాత చిన్నపిల్లనని నా దగ్గర దాచాడా, లేక ఆ లైను చదవడానికి తనకే మనసొప్పలేదా? వర్క్‌షాపులో దొర తనను ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదని నవ్వుతూ చెప్పేవాడు. దానికీ దీనికీ ముడి ఉందేమో, లేదేమో. అడగడానికి ఆయన లేడు. కృతజ్ఞత చెప్పడం నేర్పిన మనిషి మీద కోపం తెచ్చుకోవడం నాకు చేతకావడం లేదు.

చాలాసేపటికి ఆ పేరే పలికాను, తడబడుతూ. ఇక్కడ మాత్రం రాయను. అది తాత పెట్టినది. అసలు పేరేమిటో నవల రాసినవాడు కూడా అడిగి ఉండడు. మీరు చదువుకునేవాళ్లు. ఏ పాత కథలోనైనా ఓడ క్షేమంగా రేవు చేరితే, సంతోషపడే ముందు ఆ అర లైను కళాసీని ఒక్కసారి తలచుకోండి.