చల్లని వేళ్లు

ఆపరేషన్ థియేటర్‌లో యంత్రాలు చూసుకునే ఆయన్ని నర్సులంతా బాబాయ్ అనేవారు. ఆ పిలుపు ఆసుపత్రి గేటు దాకానే. భార్య పోయి ఆరేళ్లు. ఇంట్లో రెండు కుర్చీలు, ఒకదాని మీద ఎప్పుడూ ఇస్త్రీ బట్టలు. ఊళ్లు పట్టుకు తిరిగినవాళ్లకు ఒక సంగతి తెలుస్తుంది: ఒంటరితనం మొహంలో కన్నా ముందు చేతుల్లో కనబడుతుంది. పట్టుకోవడానికేమీ లేని చేతులు ఊరికే జేబులు వెతుక్కుంటాయి.

ఆ ఏడు థియేటర్‌కి కొత్త యంత్రం వచ్చింది. గుండె నిమిషానికి ఎన్ని లీటర్ల రక్తం తోస్తోందో తెలియాలంటే, అంతవరకూ మెడ నరంలోంచి గుండె దాకా సన్నటి గొట్టం దింపాల్సిందే. దీనికి ఆ బాధ లేదు, వేలికి పట్టీ తొడిగితే చాలు. నమ్మొచ్చా లేదా అన్నది తేల్చడానికి మత్తు డాక్టరమ్మ డెబ్బై మంది రోగుల్లో రెండు కొలతలూ పక్కపక్కన రాయించింది. సగం మంది బాబాయి వంతు, సగం మంది ఇంకో టెక్నీషియన్ వంతు.

ఒక మధ్యాహ్నం కాగితాలు ముందేసుకుని ఆమె ఆయన్ని పిలిచింది.

"బాబాయ్, మీ రోజుల్లో రెండూ కవల పిల్లల్లా కలుస్తున్నాయి. అతని రోజుల్లో ఎడమొహం పెడమొహం. ఏం మంత్రం వేస్తున్నారు?"

"మంత్రమా పాడా. యంత్రానికి నేనంటే మొహమాటమేమో."

ఆమె నవ్వింది. "అయితే మీ కొలతలే పైవాళ్లకు పంపేస్తా. వచ్చే నెల్నుంచి గొట్టాలు మానేద్దాం."

బాబాయి నవ్వు అక్కడ ఆగిపోయింది. బల్ల మీద పడుకున్న మనిషి చెయ్యి మంచుముక్కలా ఉంటుంది. భయం సగం, ఏసీ సగం. పట్టీ తొడిగే ముందు ఆ చేతిని తన రెండు చేతుల మధ్యా పెట్టుకోవడం ఆయనకు అలవాటు. మత్తెక్కాక కూడా కొలతకూ కొలతకూ మధ్య దుప్పటి కింద పట్టుకునే ఉండేవాడు. వేళ్లు వెచ్చబడేవి. వెచ్చని వేలి మీద యంత్రం నిజం చెప్పేది, చల్లని వేలి మీద తడబడేది. రేపు ఎవరూ చెయ్యి పట్టుకోని బల్ల మీద, గుండె నీరసించిపోతున్న రోగికి అంతా బాగుందని యంత్రం చెబితే?

ఒప్పుకుంటే మాత్రం ఆ అలవాటు పోతుంది. రోజు మొత్తం మీద ఆయన పట్టుకునే చెయ్యి అదొక్కటే.

"నేను వాళ్ల చేతులు పట్టుకుంటాను మేడమ్," అన్నాడు.

"ఎవరి చేతులు?"

చెప్పాడు. ఆమె పెన్నుకి మూత పెట్టింది.

"ముప్పై అయిదు మంది, బాబాయ్. అన్నీ కొట్టెయ్యాలి. మళ్లీ మొదట్నుంచి. ఈసారి తాకకూడదు."

"తాకను లెండి."

మర్నాడు బల్ల మీద ఓ ముసలావిడ. "చలేస్తోంది నాయనా," అని చెయ్యి చాపింది. బాబాయి ఆ వేలికి పట్టీ తొడిగి, ఇంకో దుప్పటి తెచ్చి కాళ్ల మీద కప్పాడు. మత్తెక్కాక గొట్టం నాలుగు లీటర్లంది, యంత్రం ఆరంది. రెండూ రాశాడు. రాశాక చేతులు జేబుల కోసం వెతికాయి. ఆ థియేటర్ గౌనుకు జేబుల్లేవు.