కోతపండుగలో చెక్క గులాబీలు

"ఈ తీగ మనవైపు ఎవరింట్లోనూ ఉండదండి," అన్నాడు బాపట్లలో మొక్కలమ్మే ఆయన. ఎందుకుండదో అడగాలని నాకు తోచలేదు. ఏడాది తిరిగేసరికి అది తెనాలిలో మా డాబా ఎక్కి, మా ఆవిడ బట్టలారేసే తీగల్ని మింగేసింది. తీగ మీద తీగ! పసుప్పచ్చని గరాటుల్లాంటి పూలు పూసింది. కాలవగట్టు తూటిపూలకీ వీటికీ రంగే తేడా అని మా ఆవిడ తేల్చేసింది.

"ఊరంతా పీకి పారేసేదాన్ని డాబా మీద పెంచేది మీరొక్కరే. కోతపండక్కి దీన్నుంచి ఏదన్నా చర్చికి పట్టుకెళ్లండి చూద్దాం. ఎవరూ కొనకపోతే మర్నాడే నరికించేస్తా."

కోతపండుగకి ఎవరింట పండింది వాళ్లు తొలిఫలంగా తెచ్చి బల్ల మీద పెడతారు. ఆరాధనయ్యాక వేలం. అదృష్టవశాత్తూ పూలు రాలిన చోట కాయలు ఎండి విచ్చుకుని, అచ్చం చెక్కతో చెక్కిన గులాబీల్లా తయారయ్యాయి. డజను కోసి పళ్లెంలో సర్ది, ఒక గుమ్మడికాయకీ ఒక కోడిపుంజుకీ మధ్య పెట్టాను. పుంజు ఓసారి చూసి మొహం తిప్పుకుంది.

వేలం వేసే సంఘపెద్ద పళ్లెం ఎత్తాడు. "ఇవేంటండి మాస్టారూ? తినేవా, తల్లో పెట్టుకునేవా?"

"రెండూ కాదండి. చూసేవి."

"చూసేశాంగా! ఇంక వేలమెందుకండి?"

చర్చంతా నవ్వింది. "యాభై!" అని ఆయన మూడుసార్లు అరిచినా ఎవరూ పలకలేదు. నా తొలిఫలం నేనే కొనుక్కుంటే బావుండదు. మా ఆవిడ ప్రశాంతంగా బల్లకేసి చూస్తోంది.

"వందండి!" పండక్కని రేపల్లె నుంచి రైల్లో వచ్చిన మా వదిన లేచింది. "ఎంత బావున్నాయో! మా టీవీ పక్కన పెట్టుకుంటా. ఏంటి చెల్లీ, నాకు చెప్పనేలేదు?"

పోయినేడు మా ఆవిడ కన్నేసిన పనసపండుని వేలంలో పాడుకుపోయింది ఈ వదినే. మా ఆవిడ నడుం నిటారైంది. ఏనాడూ కీర్తనకి గొంతు కలపని మనిషి ఆ రోజు పాట అందుకుంది.

"నూటయాభై!"

"రెండొందలు."

"ఐదొందలు! మా డాబా మీద కాసినవి రేపల్లె ఎందుకెళ్తాయండి?"

వదిన నవ్వి కూర్చుంది. తిరుగు ఆటోలో మా ఆవిడ పళ్లెం ఒళ్లో పెట్టుకుంది. "మరి రేపు..." అని నసిగాను.

"రేపేంటి? ఐదొందలు పోసి కాయలు కొని తీగని నరుక్కుంటారా ఎవరైనా?" అంది. పళ్లెం మీద కొంగు కప్పుతూ, "మీ వదిన విత్తనాలడిగితే మాత్రం మొలవవని చెప్పండి."