నాలుగు డబ్బాల రంగు

మొన్న మా స్కూలు గేటుకు రంగులు వేశారు. కిరసనాయిలు కలిపిన ఎనామిల్ వాసన స్టాఫ్ రూములోకి రాగానే తోటి టీచర్లంతా ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం కిటికీ దగ్గరికి వెళ్ళి గుండెలనిండా పీల్చుకున్నాను. నాకది సత్యం మాస్టారి వాసన.

తొంభైల్లో మండపేటలో, మా ఇంటి ఎదురు షెడ్డులో ఆయన సినిమా బ్యానర్లు వేసేవారు. ఏ బడిలోనూ పాఠం చెప్పకపోయినా ఊరంతా మాస్టారనే పిలిచేది. మా వీధి చివరి సినిమా హాలుకు కొత్త సినిమాలు దొరకని వారాల్లో, డబ్బింగ్ చేసిన పాత ఇంగ్లీషు దెయ్యాల సినిమాలు తెచ్చి ఆడించేవారు. వాటన్నిటికీ బ్యానరు గుడ్డ ఒకటే. సినిమా మారగానే దానిమీద తెల్లరంగు కొట్టి కొత్త బొమ్మ వేయాలి. బడి నుంచి రాగానే షెడ్డు గుమ్మంలో కూర్చుని చూసేదాన్ని. హీరోయిన్ బుగ్గకు అరగంట రంగు కలిపేవారు. దెయ్యానికి మాత్రం నల్ల డబ్బా మూత తీసి అలాగే పూసేసేవారు.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒక దెయ్యానికి నా మొహం వచ్చేసింది. ఆయన కావాలని వేసింది కాదు. రోజూ ఎదురుగా కూర్చునే పిల్ల కళ్ళు, రెండు జడలు చేతికి అలవాటైపోయాయంతే. మా ఇంట్లో అందరికన్నా నేనే నలుపు. బడికి వెళ్ళాలంటే ఆ హాలు ముందు నుంచే వెళ్ళాలి. "ఒసేయ్, నీ బొమ్మ వేశారే!" అని నా పక్క బెంచీ పిల్ల రోడ్డు మీదే అరిచింది. తలెత్తి చూశాను. నేనే. నోట్లోంచి నెత్తురు కారుతూ, హాలంత ఎత్తున. కడుపునొప్పని చెప్పి మూడు రోజులు బడి ఎగ్గొట్టాను. ఇక ఆ దారిన జన్మలో వెళ్ళనని ఒట్టు పెట్టుకున్నాను. నాలుగో రోజు షెడ్డులోకి వెళ్ళి, ఏడవకూడదనుకుంటూనే ఏడ్చేశాను.

"దెయ్యాలన్నీ నల్లగానే ఎందుకుంటాయి మాస్టారూ?"

ఆయన కుంచె కింద పెట్టేశారు. "అలవాటమ్మా. మా గురువుగారు అలాగే వేసేవారు, నేనూ అలాగే వేసుకుపోయాను. నాదే తప్పు." మా నాన్న వయసు మనిషి నాలాంటి పిల్లతో ఆ మాట అనడం అంతకుముందెప్పుడూ వినలేదు. నన్ను వెలుగులో నిలబెట్టి, నా చేతి పక్కనే రంగులు కలిపే రేకు పెట్టుకుని రంగు కలపసాగారు. ఎరుపు, పసుపు, కొంచెం నీలం, చుక్క తెలుపు. "చూశావా? నాలుగు డబ్బాలు తీస్తేగానీ నీ రంగు రాలేదు. నల్ల డబ్బాలో నువ్వు లేవమ్మా."

ఆ వారమే ఇంకో పాత దెయ్యాల సినిమా వచ్చింది. కంపెనీ పోస్టరు నిండా కేక పెడుతున్న తెల్లమ్మాయి. ఓ మూల బొటనవేలంత నల్లమ్మాయి. ఎన్నడూ లేనిది, మాస్టారు ముందుగా మధ్యాహ్నం హాల్లో రీళ్ళు వేయించుకుని చూసొచ్చారు. నా మొహం ఉన్న గుడ్డ మీద తెల్లరంగు కొట్టి, ఆ నల్లమ్మాయిని కాగడాతో నిలబెట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి వేశారు. నాలుగు డబ్బాలూ కలిపి.

హాలు మేనేజరు గారు వచ్చి చూసి అదిరిపడ్డారు. "ఇదేంటండీ మాస్టారూ? తెల్లమ్మాయిని వెయ్యాలిగానీ! ఈ మొహం చూసి హాలుకెవరొస్తారండీ?"

"సినిమా చూశారాండీ మీరు?"

"లేదండి."

"తెల్లమ్మాయి ఇంటర్వెల్‌కే పోయిందండి. దెయ్యాలతో చివరిదాకా పోరాడి బతికి బయటపడింది ఈ అమ్మాయే. నచ్చకపోతే ఇంకొకళ్ళ చేత వేయించుకోండి."

ఆయన చేత బ్యానర్లు వేయించేది ఆ ఒక్క హాలే, ఆయనకున్నది ఆ ఒక్క పనే. మేనేజరు గారు బ్యానరు వంక, గుమ్మంలో ఉన్న నా వంక చూసి, "సరే, కట్టించండి" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. మర్నాడు నేను బడికి ఆ దారినే వెళ్ళాను.

పెద్దయ్యాక అలాంటి పాత సినిమాలు వెతికి మరీ చూశాను. నల్లవాళ్ళను ముందే చంపేసినవి, లేదా మంత్రగాళ్ళుగా, మృగాలుగా చూపించినవే ఎక్కువ. ఎక్కడో ఒకచోట అలా గెలిచిన అమ్మాయి ఉన్నా, ఆమె బట్టలు చింపి చూపించకుండా వదల్లేదు. మాస్టారికి అదంతా తెలియదు. తెలిసినా ఆ బొమ్మ అలాగే వేసేవారని నా నమ్మకం. ఆ గుడ్డకూ వారం తిరిగేసరికి మళ్ళీ తెల్లరంగు కొట్టేశారు. ఆ మనిషీ ఇప్పుడు లేరు.

నేనిప్పుడు డ్రాయింగ్ టీచర్ని. గేటుకు రంగు వేసిన రోజే, ఆరో తరగతి పిల్ల ఒకతె తన బొమ్మ తనే వేసుకుంటూ నల్లరంగు సీసా మూత తీసింది. "నేనింతే కదా టీచర్" అంది. దాని చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి, వెలుగులోకి తీసుకెళ్ళాను. ఆ సీసాకు మూత పెట్టి, మిగతా నాలుగూ తెమ్మన్నాను.