పన్నెండో మలుపు

పంతొమ్మిది వందల అరవై మూడులో మా అన్న దేవరకొండలో లారీ డ్రైవరు, నేను క్లీనర్‌ని. అరవై అడుగుల దూరం నుంచే మైలురాయి చదివే అన్న, ఆ ఎండాకాలం పదిహేను అడుగులకు వస్తేగాని చదవలేకపోయాడు. నేనే దిగి కొలిచాను. అద్దాలతో బాగుపడే చూపు కాదని దవాఖానలో చెప్పారు.

"లారీ సేటుకు చెప్పకు తమ్మీ. జల్ది నేర్చుకో. నా సీటు బయటోనికి పోవద్దు," అన్నాడు.

నాలుగు నెలలు తనే నేర్పాడు. నల్లగొండలో లైసెన్సు పరీక్ష పాసై బయటికి వస్తే, "ఎక్కుండ్రి డ్రైవర్ సాబ్!" అని నవ్వి, మొదటిసారి క్లీనర్ సీట్లో కూర్చున్నాడు.

ఇంటిదారిలో పన్నెండు మలుపులు. పదకొండింటిలోనూ అన్న కుడికాలు, బ్రేకు లేని చోట నేలను తొక్కింది. పన్నెండో మలుపులో తొక్కలేదు. నా మీద నమ్మకం కుదిరిందనుకుని సంతోషంగా చూశాను. అన్న తువ్వాలలో ముఖం దాచుకుని ఉన్నాడు.

లైసెన్సు వచ్చిన ఆ రోజును ఈనాటికీ నా మంచిరోజుల లెక్కలో వేయలేదు.