వెర్నియర్‌తో కొలిచిన మచ్చ

గవర్నర్‌పేట స్కాన్ సెంటర్లో నేను ఎంఆర్ఐ ఫిల్ములు చూసే డాక్టరుగా ఉన్నప్పుడు, ఒక పేషెంటు తమ్ముడు నన్ను గోడకేసి కొట్టాడు.

అన్నదమ్ములిద్దరికీ ఆటోనగర్‌లో లేత్ షాపు ఉంది. అన్న కిడ్నీలోని క్యాన్సర్ కణితిని హైదరాబాద్‌లో సూదులు గుచ్చి, మంచులా గడ్డకట్టించి చంపారు. ఆ తర్వాత తీసిన మొదటి స్కాన్ మాది. ఫిల్ము చేతికి రాగానే తమ్ముడు జేబులోంచి వెర్నియర్ తీశాడు. షాపులో షాఫ్టును కొలిచినట్టే, వెంట తెచ్చుకున్న పాత ఫిల్ములోని మచ్చనూ ఈ కొత్తదాంట్లోని మచ్చనూ కొలిచాడు.

“పెరిగింది! మా అన్నని చంపేశార్రా!” అంటూ స్టూలెత్తి, ఫిల్ములు పెట్టి చూసే లైట్ బాక్సు పగలగొట్టాడు. నా చొక్కా పట్టుకుని గోడకేసి బాదాడు. గాజుపెంకు గీరుకుని నా నుదురు చిట్లింది.

నాకు ఒళ్లు మండిపోయింది. వాడి మెడ పట్టుకుని కిటికీ దగ్గరికి ఈడ్చి, ఫిల్మును మొహానికి అడ్డం పెట్టాను.

“సరిగ్గా చూడు! ఒక్క ముక్క కూడా మిగలకూడదని చుట్టూ ఉన్న మంచి కండని కూడా కలిపి చంపుతారు. అందుకే మచ్చ పెద్దది. నెత్తురు పారే చోట, స్కాన్‌లో ఎక్కించిన ఇంజెక్షన్ మందు తెల్లగా మెరుస్తుంది. లోపల ఎక్కడన్నా మెరిసిందా? అందులో నెత్తురు పారట్లేదు, పారేది నాదే!”

“మరి అంచున ఆ తెల్ల గీత?” అని వాడు మళ్లీ పిడికిలి ఎత్తాడు.

“అది పుండు చుట్టూ వచ్చే వాపులాంటిది. తగ్గుతుంది. తగ్గిందో లేదో మళ్లీ స్కాన్ తీసి చూస్తాం.”

అప్పటిదాకా బెంచీ మీద కూర్చున్న అన్న లేచి వచ్చి, తమ్ముడి చెంప పగలగొట్టాడు.

“చచ్చినదాన్ని కొలిచి, బతికున్నోణ్ణి కొడతావేంట్రా?”