సైకిళ్ళ షెడ్డు ఎట్లా వచ్చిందో చెబుతా

మా పత్తి మిల్లులో సైకిళ్ళ షెడ్డు కార్లకు ఇచ్చేశారు. మా సైకిళ్ళు గేటు బయట ఎండలో మాడుతున్నాయి. అడిగితే కొత్త మేనేజరు గారు, సైకిలు మీద వచ్చేవాళ్ళు ఎటూ లేటే, వాళ్ళకు షెడ్డెందుకు అన్నారు. ఆ షెడ్డు ఎట్లా వచ్చిందో ఆయనకు తెలియదు.

మా చిన్నప్పుడు... మా నాన్న ఇదే మిల్లులో బేళ్ళు కట్టేవాడు. నకరికల్లు రోడ్డులోని మా ఊరి నుంచి నరసరావుపేటకు రోజూ సైకిలే. నన్ను వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టి, కాళ్ళు చువ్వల్లో పడకుండా తువ్వాలుతో కట్టి, బడి దగ్గర దించేవాడు. పొద్దుటి చలిగాలి, ముందు నాన్న వెచ్చటి వీపు... రాజాలా ఉండేది నాకు.

అప్పటి మేనేజరుదీ మా ఊరే. నాన్నకు వరసకు బాబాయి. కొత్త కారు కొన్నాడు. ఒకరోజు మా పక్కనే ఆపి అద్దం దించి, "ఏందిరా, ఇంకా తొక్కుతానే ఉన్నావా? మొదటి షిఫ్టుకా, రెండో షిఫ్టుకా?" అన్నాడు. నాన్న నవ్వి పెడలు తొక్కాడు. కారు మా మొహాన దుమ్ము కొట్టి పోయింది.

రెండు మలుపులు తిరిగేసరికి అదే కారు... కదలకుండా.

అది ఉలవలు ఇంటికొచ్చే కాలం. పీకిన మొక్కల్ని రోడ్డు నిండా పరిచేవాళ్ళు. బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోతే గింజ రాలేది, కళ్ళం పని తప్పేది. బస్సుకు ఏమీ కాదు. ఈ కారేమో నేలబారుది. తీగలన్నీ కింద చుట్టుకుని బిగుసుకుపోయాయి. ఆయన తెల్లచొక్కాతో కారు కిందికి దూరి పీకుతున్నాడు. పక్కనే చేట పట్టుకున్న ముసలామె తీరిగ్గా అంటోంది...

"అది ఊడినాక ఒకసారి ఎనక్కి కూడా పోనియ్యి అబ్బాయా. ఆ చివర ఇంకా రాలలా."

నాన్న రోడ్డు అంచున సైకిలు ఆపాడు. "ఎక్కు బాబాయ్. ముందు కడ్డీ ఖాళీగానే ఉంది."

ఎక్కాడండీ! ముందు మేనేజరు, మధ్యలో నాన్న, వెనక నేను. బడి దగ్గర ఆగే తీరిక లేక నన్నూ మిల్లుకే తీసుకుపోయాడు. మేం గేటు దాటాకే సైరన్ కూసింది. మిల్లంతా పనాపి మరీ నవ్వింది... ఆయన కూడా.

మధ్యాహ్నం ఆయన ఎండలో ఉన్న మా నాన్న సైకిలు సీటు మీద చెయ్యి పెట్టి, చుర్రుమనేసరికి తీసేశాడు. వారం తిరక్కుండా సైకిళ్ళకు రేకుల షెడ్డు లేచింది.

ఇప్పుడు రోడ్డు వెడల్పయింది, ఉలవలు పరిచేవాళ్ళూ లేరు. అయినా రోజూ పేట బజారు ట్రాఫిక్‌లో ఇరుక్కున్న కొత్త మేనేజరు గారి కారును దాటుకునే మిల్లుకు వస్తున్నా. ఒక్క మనిషిని మోయడానికి అంత ఇనుము, అంత పెట్రోలు, పది సైకిళ్ళు పట్టే చోటు! దాటేటప్పుడు చెయ్యి ఊపుతా. అప్పటాయన వెక్కిరించడానికైనా అద్దం దించేవాడు... ఇప్పుడు అద్దాలు దిగడమే లేదు.

మిమ్మల్ని సైకిలెక్కించుకుని ఎవరు తిప్పారో కింద రాయండి. మేనేజరు సార్ కూడా చదవాలి.

సార్, షెడ్డు ఖాళీ చేయిస్తారో లేదో సోమవారం మొదటి షిఫ్టులోపు చెప్పండి. చెప్పకపోతే మంగళవారం మా సైకిళ్ళు షెడ్డులోనే ఉంటాయి. ఎటూ మీకంటే ముందొచ్చేది మేమే.